సొంతంగా చేసుకున్న రాగి బాయిలర్: ఏళ్ల వాడకం తరువాత

నా నమూనా ఆవిరి ఇంజనును నడిపే ఈ నిలువు బాయిలర్‌ను పర్లాకిమిడిలో, మా పెరటి రేకుల పాకలో నేనే చేసుకున్నాను. ఏళ్లుగా వాడుతున్నాను. ఎవరడిగినా నా మాట ఒకటే: పెట్టిన ప్రతి రూపాయికీ తగిన వస్తువు. కానీ నీటి పీడనంతో పరీక్షించే చేతి పంపు దగ్గర లేనివారు దీని జోలికి వెళ్లవద్దు.

మా ఊరివాళ్లకు ఆవిరి మీద మోజు ఉండడంలో వింత లేదు. గజపతి రాజావారి పూనికతో 1900లో నౌపడ నుంచి ఇక్కడికి రెండున్నర అడుగుల గేజి రైలు వచ్చింది. 1931లో గుణుపురం దాకా సాగింది. ఆ సన్న పట్టాల మీద రాకపోకలు 2004లో ఆగిపోయాయి. ఆ ఇంజన్ల కథలు వింటూ పెరిగినవాడికి బ్యాటరీ బొమ్మ రైలు ఆనదు.

కొలతలు చెబుతాను. రాగి గొట్టం బయటి వ్యాసం 75 మిల్లీమీటర్లు, మందం 2, ఎత్తు 150. నడుమ పొగ గొట్టం. పని పీడనం చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు. పీడనాన్ని వ్యాసంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే గోడ మీద పడే లాగుడు చదరపు సెంటీమీటరుకు 56 కిలోలు వస్తుంది. బాగా కాల్చి మెత్తబడిన రాగి తెగాలన్నా దాదాపు 2000 కావాలి. కాబట్టి గొట్టం గురించి దిగులు పడనక్కరలేదు. దిగులంతా పైనా కిందా ఉన్న మూతల గురించి, అతుకుల గురించి. చదునైన రేకు పీడనానికి ఉబ్బుతుంది. అందుకే 3 మిల్లీమీటర్ల రేకు అంచులు మడిచి, రెండు మూతలనూ పట్టి ఉంచేలా కంచు కడ్డీలు అతికించాను.

అతుకులకు తగరపు టంకం పనికిరాదు. 3 కిలోల పీడనం వద్ద ఆవిరి వేడి 143 డిగ్రీల దాకా ఉంటుంది. మామూలు టంకం 183 వద్దే కరగడం మొదలుపెడుతుంది, అంతకు ముందే బలం కోల్పోతుంది. ఫ్రిజ్ మెకానిక్కులు వాడే భాస్వరం కలిసిన రాగి కడ్డీ చవక. అయితే బొగ్గు మంటలోని గంధకం ఆ అతుకును తినేస్తుంది కనుక నేను ముట్టుకోలేదు. 55 శాతం వెండి ఉన్న కడ్డీ తెప్పించాను. అది 650 డిగ్రీల ప్రాంతంలో నీళ్లలా పారి సందుల్లోకి చొరబడుతుంది. కాడ్మియం కలిసిన కడ్డీలు కూడా దొరుకుతాయి. వాటి పొగ విషం, కొనేముందు అడిగి తెలుసుకోండి. మా వీధిలోని కంసాలి తాతగారు ఒక్క మాటే చెప్పారు: "రాగికి ఒకచోట కాదు బాబూ, ఒళ్లంతా వేడెక్కాలి." నిజమే. రాగి వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తుంది. చిన్న టార్చి చాలదు. చుట్టూ వేడి ఆపే ఇటుకలు పేర్చి పెద్ద గ్యాసు మంట పెట్టాలి. గొట్టాలు బిగించే మరల చోట ఇత్తడి పెట్టవద్దు. వేడి నీటిలో దానిలోని తుత్తునాగం కరిగిపోయి గుల్లగా మిగులుతుంది. కంచుకు ఆ బెడద లేదు.

ఇక పరీక్ష. ఈ బాయిలర్‌లో ముప్పాతిక నిండితే నీరు 400 మిల్లీలీటర్లకు మించదు. పని వేడిలో ఉండగా అతుకు విచ్చుకుంటే ఆ కొద్ది నీటిలోంచే 50 లీటర్ల పైచిలుకు ఆవిరి ఒక్కసారిగా పుడుతుంది. అందుకే ఆవిరితో పరీక్షించకూడదు. కంప్రెసర్ గాలితో పరీక్షిద్దామనే ఆలోచన కూడా అంతే ప్రమాదం, అణిగిన గాలి స్ప్రింగులా తంతుంది. చన్నీరు అణగదు. అతుకు విచ్చితే చుక్క కారుతుంది, పీడనం పడిపోతుంది, అంతే.

సేఫ్టీ వాల్వు తీసి ఆ రంధ్రానికి మర బిగిస్తాను. అన్నిటికంటే ఎత్తున ఉన్న రంధ్రం తెరిచి ఉంచి, తట్టుతూ, బుడగ మిగలకుండా నీరు నింపుతాను. బయట సుద్ద పూత పూస్తే చెమర్చిన చోటు వెంటనే నల్లబడి కనిపిస్తుంది. పంపుతో మెట్లుమెట్లుగా పని పీడనానికి రెట్టింపు, అంటే 6 కిలోల దాకా తీసుకెళ్లి అరగంట నిలపాలి. మూతల మీద స్కేలు ఆనించి ముందూ తరువాతా చూడాలి. పీడనం తీశాక కూడా ఉబ్బు మిగిలితే ఆ బాయిలర్ పనికిరాదు. ఈ పని పొద్దున్నే నీడలో చేయండి. మన ఎండకు లోపలి నీరు కాస్త వేడెక్కినా పీడనం చూపే గేజి ముల్లు దానంతటదే పైకి పోతుంది, సన్నని కారుడు ఉన్నా దాన్ని కప్పేస్తుంది. గేజిని మరో మంచి గేజితో సరిపోల్చుకోవడం తప్పనిసరి.

ఆ తరువాతే నిప్పు. ఆవిరి బయటికి పోయే దారి మూసి, మంట పూర్తిగా పెట్టి, సేఫ్టీ వాల్వు ఒక్కటే ఆ ఆవిరినంతా వదలగలదో లేదో చూడాలి. పీడనం 3.3 దాటకూడదు. నా వాల్వులో స్టెయిన్‌లెస్ స్టీలు గుండు కంచు పీఠం మీద కూర్చుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ అంటుకోలేదు. ఏటా ఒకటిన్నర రెట్ల పీడనంతో మళ్లీ నీటి పరీక్ష చేస్తాను. అతుకులు చెక్కుచెదరలేదు.

అసంతృప్తి లేకపోలేదు. నీటిమట్టం చూపే గాజు గొట్టం చివరల రబ్బరు వలయాలు వేడికి గట్టిపడి కారుతాయి, మారుస్తూ ఉండాలి. గేజికి ముందు వంపు తిరిగిన గొట్టం లేకపోతే ఆవిరి నేరుగా తగిలి ముల్లు పాడవుతుంది. బోరు నీరు పోస్తే లోపల సున్నపు పొర కడుతుంది. నేను వాన నీరు పట్టి వడగట్టి దాచుకుంటాను. నీరు పోసే పంపు లేకపోవడం పెద్ద లోటు. నీరు అయిపోవచ్చినప్పుడల్లా మంట ఆర్పి, చల్లార్చి, మళ్లీ నింపాలి. పిల్లలకు ఆ విరామం నచ్చదు, నాకూ నచ్చదు. రెండోది చేస్తే చేతి పంపు, దానికి వెనక్కి పోనివ్వని వాల్వు మొదటే అమర్చుతాను.

1923 నాటి బాయిలర్ల చట్టం సవరణల తరువాత 25 లీటర్లు, అంతకు మించినవాటినే పట్టించుకుంది. ఇంత చిన్నదాన్ని తనిఖీ చేయడానికి ఏ అధికారీ రాడు. అందుకే ఎవరైనా పాత బాయిలర్ అమ్మజూపితే, అది ఎంత తళతళలాడుతున్నా సరే, ముందు చన్నీటితో పరీక్షించి చూపించమనండి. ఒప్పుకోకపోతే కొనకండి.