చమురు ఆగాక జపాన్ ముందున్న దారులు: ఏది మేలు?

1941 జులై చివర్లో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలో (నేటి వియత్నాం వైపు) దిగాయి. ఆ కదలిక చూసి అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది. ఆగస్టు నుంచి అమెరికా చమురు రావడం ఆగింది. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అక్కడిదే. ఉన్న నిల్వ మామూలు రోజుల్లో రెండేళ్లకు, యుద్ధమొస్తే ఏడాదిన్నరకు సరిపోతుందని లెక్క. నౌకాదళం గంటకు 400 టన్నులు తాగేస్తోందని దాని అధిపతి నగానో ఒసామి చెప్పుకొచ్చాడు. అప్పట్నుంచి టోక్యోలో ప్రతి చర్చ వెనకా గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది.

ఉత్తరానికి వెళ్లి సోవియట్ల మీద పడదామన్న మాటా లేచింది. ఏప్రిల్‌లో మాస్కోతో తటస్థతా ఒప్పందం మీద సంతకం చేసిన అప్పటి విదేశాంగమంత్రి మత్సుఓకాయే, జూన్‌లో జర్మనీ దాడి చేయగానే మనమూ కొడదామన్నాడు! కానీ 1939లో మంగోలియా సరిహద్దులోని ఖాల్ఖిన్ గోల్ దగ్గర సోవియట్ల చేతిలో తిన్న దెబ్బ సైన్యం మరిచిపోలేదు. పైగా సైబీరియా గెలిచినా ట్యాంకు నిండదు. ఆగస్టులోనే ఆ ఏడాదికి ఆ ఆలోచన మానుకున్నారు.

మిగిలినవి రెండు: దక్షిణాన డచ్చివారి వలసలోని (నేటి ఇండోనేషియా) చమురు బావులు లాక్కోవడం, లేదంటే ఓర్చుకోవడం. ఈ రెండో దానికి జపనీయులు ‘గషిన్ షోతాన్’ అని పేరు పెట్టుకున్నారు. కట్టెల మీద పడుకుని, చేదు పిత్తం నాకుతూ అదను కోసం కాచుకున్న పాత చైనా కథలోని మాట అది.

దక్షిణపు దారిలో ఆకర్షణ ఉంది. సుమత్రా, బోర్నియోల్లో చమురు ఉందన్నది నిజం. 1942 ఫిబ్రవరిలో సుమత్రాలోని చమురు కేంద్రం పాలెంబాంగ్ చేతికి వచ్చింది కూడా. కానీ చమురు ఇంటికి చేరే సముద్రదారి భద్రంగా ఉండాలంటే సింగపూర్, ఫిలిప్పీన్స్ కూడా కొట్టాలి. అంటే బ్రిటన్‌తోనూ, అమెరికాతోనూ ఒకేసారి యుద్ధం. (ఆ యుద్ధం సెగ మనదాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి.) చెట్టు మీది కాయలు లెక్కపెట్టారు గానీ, వాటిని మోసే బండి సంగతి తేలిగ్గా తీసుకున్నారు. బావులు నడిచాయి. ట్యాంకర్లనే అమెరికా జలాంతర్గాములు ముంచేశాయి. 1945 వసంతానికి దక్షిణం నుంచి చమురు రాక దాదాపు ఆగిపోయింది.

మరి ఓర్పు? అదీ ఉచితంగా దొరికేది కాదు. బొగ్గు నుంచి చమురు తీసే కర్మాగారాలకు ఉక్కు కావాలి, ఏళ్లు పట్టాలి. ఈలోగా అమెరికా కొత్త ఓడలు కడుతూనే ఉంటుంది. ఆంక్షలు పోవాలంటే చివరికి చైనా నుంచి వెనక్కి రావాలి. నాలుగేళ్లుగా అక్కడి యుద్ధంలో చచ్చిన సైనికుల మాటేమిటన్నది సైన్యమంత్రిగా ఉండి ప్రధాని అయిన తోజో ప్రశ్న. నా దృష్టిలో అసలు అడ్డంకి అదే, చమురు కాదు.

నవంబర్ 1న పొద్దున మొదలైన సమావేశం అర్ధరాత్రి దాటేదాకా సాగింది. మనం కదలకపోతే అమెరికా తనంతట వచ్చి మీద పడుతుందా అని ఆర్థికమంత్రి కాయా నిలదీశాడు. శత్రువు రాడని నమ్ముకుని కూర్చోకూడదన్నాడు నగానో. ప్రశ్నకు అది జవాబు కాదు. చివరికి మధ్యేమార్గం ఎంచారు: యుద్ధానికి సిద్ధమవుతూ చర్చలూ జరపాలి, చర్చలకు గడువు నవంబర్ 30 అర్ధరాత్రి. నెల రోజుల్లో తెగే బేరమా అది?

నన్నడిగితే ఓర్పే మేలు. దక్షిణపు పందెమంతా జర్మనీ గెలుస్తుందన్న ఊహ మీద ఆడింది. డిసెంబర్ 5న మాస్కో దగ్గర సోవియట్ ఎదురుదాడి మొదలైంది. పెర్ల్ హార్బర్ దాడి టోక్యో తేదీ ప్రకారం 8న. ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే ఆ ఊహ ఎంత డొల్లో కళ్లకు కట్టేది.

కాయా, కొత్త విదేశాంగమంత్రి తోగో ఆ నవంబర్ 1 రాత్రి సమావేశంలో ఒప్పుకోలేదు. ఆలోచించుకుంటామని ఇంటికి వెళ్లారు. మర్నాడు ఇద్దరూ సరేనన్నారు.