మా మేడ మీద మేరీ పామర్: రెండు రంగుల కాగితం పూలు

మేరీ పామర్ అనే ఈ కాగితం పూల మొక్కని 2012లో కడియం నర్సరీల నుంచి తెచ్చాను. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా మేడ మీద, సముద్రపు గాలి నేరుగా కొట్టే మూలలో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఒకే కొమ్మకి తెల్ల గుత్తులూ రాణి రంగు గుత్తులూ పక్కపక్కనే వస్తాయి. ఒక్కోసారి ఒకే గుత్తిలో రెండు రేకులు రాణి రంగు, మూడోది పాలలాంటి తెలుపు. అవి ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మనం రేకులనుకునేవి నిజానికి రంగు మారిన ఆకులు. అసలు పువ్వు లోపలుండే సన్నటి తెల్ల గొట్టం. ఈ రకాన్ని ఎవరూ సంకరం చేసి తయారు చెయ్యలేదు. 1949లో కలకత్తాలో, మిసెస్ హెచ్.సి. బక్ అనే పాత రకం మొక్కకి ఒక కొమ్మ తనంతట తానే ఇలా మారింది. మన ఇళ్ళల్లో ఉన్నవన్నీ ఆ కొమ్మ సంతతే.

మొదటి ఏడాది ఒక్క పువ్వు లేదు. మా అత్తగారు రోజూ ప్రేమగా నీళ్ళు పోసేవారు, ఆకులు మాత్రం గుబురుగా వచ్చేవి. మరుసటి ఫిబ్రవరిలో పెళ్ళికని పది రోజులు శ్రీకాకుళం వెళ్ళాం. వచ్చేసరికి ఆకులన్నీ వాడి వేలాడుతున్నాయి. పోయిందనుకుని ఏడుపొచ్చినంత పనైంది. నీళ్ళు పోశాక కొన్ని వారాలకే ఆకు కనబడనంత పూత! అప్పట్నుంచీ చలికాలం చివర్లో, ఆకు కాస్త వాలితేనే నీళ్ళు. యూరియా అసలు వెయ్యను, వేస్తే మళ్ళీ ఆకులే. ఎండ మాత్రం రోజంతా తగలాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి కుండీ పగిలిపోయింది. జానెడు మోడు మిగిలింది. దాన్నే కొత్త కుండీలో పాతాను. చిగురు కనబడిన రోజు ఇంట్లో అందరినీ మేడ మీదకి పిలిచి చూపించాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ముళ్ళు గట్టివి, పిల్లలు తిరిగే చోట వద్దు. రాలిన రేకులు వానాకాలంలో మేడ మీది గొట్టానికి అడ్డం పడతాయి. పెద్ద సమస్య వేరే ఉంది. కొన్ని కొమ్మలు పూర్తిగా రాణి రంగుకి తిరిగిపోతాయి. నేను రెండేళ్ళు ఊరుకున్నాను, సగం మొక్క అలాగే అయిపోయింది. అలాంటి కొమ్మ కనబడగానే మొదలంటా కోసెయ్యాలి. పక్కింటి వదినకి తెలియక ఆ కొమ్మే ఇచ్చాను, వాళ్ళింట్లో ఇప్పటికీ ఒకటే రంగు. ఈసారి రెండు రంగులూ పూసిన కొమ్మ ముక్క నాటి ఉంచాను, వేళ్ళు రాగానే ఇస్తాను.

కొనేటట్టయితే పూత మీద ఉన్నప్పుడే, ఒకే కొమ్మకి రెండు రంగులూ చూసుకుని కొనండి.