ఓర్లాండోలో పార్కులు రెండు రోజులే, మిగతా రోజులు ఇలా తిరిగాం

అమెరికాలో ఫ్లోరిడాలోని ఓర్లాండో అంటే మనవాళ్ళకి నాలుగైదు రోజుల డిస్నీలాంటి థీమ్ పార్కుల టికెట్లు, పొద్దున్నే గేటు దగ్గర క్యూ, రాత్రి బాణసంచా చూసి కాళ్ళీడ్చుకుంటూ కారెక్కడం. పిల్లలతో మేమూ ఒకసారి అలాగే వెళ్ళొచ్చాం. ఈసారి మాతో అమ్మా నాయనా ఉన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాయనకి డెబ్బై రెండేళ్ళు. క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ పెద్ద పార్కుల్లో మనిషికి రోజు టికెట్ 180 డాలర్లు కూడా దాటుతుంది. అంత పెట్టి లోపలికి తీసుకెళ్ళినా వాళ్ళిద్దరూ ఒక్క రైడూ ఎక్కరు. అందుకని పిల్లల కోసం పార్కులకి రెండు రోజులు ఉంచి, మిగతా రోజులన్నీ కారులో చుట్టుపక్కల తిరిగాం. ఆరుగురం, తొమ్మిది రాత్రులు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఎక్కడ సుఖపడ్డామో, ఎక్కడ డబ్బు పోగొట్టుకున్నామో రాస్తున్నాను.

ముందు బస సంగతి. ఓర్లాండోకి దగ్గర్లోని డావెన్‌పోర్ట్ వైపు నాలుగు బెడ్‌రూముల ఇల్లు ఏడు రాత్రులకి తీసుకున్నాం. కింద ఒక బెడ్‌రూము, దాన్నానుకుని బాత్‌రూము ఉండాలని పట్టుబట్టి వెతికాను, అమ్మ మెట్లెక్కలేదు కాబట్టి. అది బాగా కుదిరింది. వంటగది ఉంది కనుక పొద్దున్నే కుక్కర్ పెట్టేసి, పులిహోరో పెరుగన్నమో కలిపి డబ్బాల్లో సర్దుకునేవాళ్ళం. ఎక్కడికెళ్ళినా తిండికోసం వెతుక్కునే బాధ తప్పింది. అయితే ప్రకటనలో చూపించిన అద్దె ఒకటి, చివరికి కట్టింది ఇంకొకటి. శుభ్రం చేసినందుకు, పన్నులకు, ఆపైన స్విమ్మింగ్ పూల్ నీళ్ళు వేడి చేసినందుకు రోజుకి ఇంతని వేరే. చల్లటి నీళ్ళలో పిల్లలు కాలు కూడా పెట్టలేకపోయారు, రెండో రోజు ఆ డబ్బూ కట్టేశాం. 'పార్కులకి పది నిమిషాలు' అని రాసుంది కానీ సాయంత్రం ఐ-4 హైవే మీద నలభై నిమిషాలకి తక్కువ ఏ రోజూ పట్టలేదు. ఇల్లు బుక్ చేసే ముందు మ్యాప్‌లో సాయంత్రం ఐదింటి టైము పెట్టి చూసుకోండి.

కారు విషయంలో ఒక్క మాట. అక్కడ ఎటు కదిలినా టోల్ రోడ్లే. అద్దె కారులో ఉండే టోల్ పరికరం వాడితే అసలు టోల్‌కి తోడు రోజువారీ ఛార్జీ కూడా పడొచ్చు. ఓర్లాండో విమానాశ్రయంలో విజిటర్ టోల్ పాస్ అని అద్దానికి తగిలించే అట్ట ఉచితంగా ఇస్తారు, వెళ్ళేటప్పుడు అక్కడే తిరిగిచ్చేయాలి. మా ఆయన ముందే చదివి పెట్టుకోవడంతో దిగగానే అది తీసుకున్నాం.

పార్కు రోజు మర్నాడు మళ్ళీ పార్కు పెట్టుకోకుండా మధ్యలో ఒక తేలిక రోజు వచ్చేలా వేసుకున్నాం. అలా మొదట వెళ్ళింది ఆరెంజ్ సిటీ దగ్గర బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కుకి. కారుకి ఆరు డాలర్లు, అందులో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. ట్రిప్పు మొత్తంలో ఇంత తక్కువ ఖర్చులో ఇంత తృప్తినిచ్చిన చోటు ఇంకోటి లేదు.

అక్కడ భూమిలోంచి ఉబికే ఊటనీరు ఏడాది పొడుగునా 72 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ నీరు పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ నదిలో కలుస్తుంది. చలికాలంలో నది చల్లబడితే మానటీలనే పెద్ద నీటి జంతువులు తట్టుకోలేవు, 68 డిగ్రీల కన్నా తగ్గితే వాటి ప్రాణానికే ముప్పు. అందుకని నవంబర్ మధ్య నుంచి మార్చి దాకా ఊట వాగులోకి వచ్చి పడుకుంటాయి. ఆ నెలల్లో మనుషులు నీళ్ళలో దిగడానికి వీల్లేదు, గట్టు వెంబడి వేసిన చెక్క దారి మీద నడుస్తూ చూడాలి. ఎంత చలి ఉంటే అన్ని ఎక్కువ వస్తాయి. 2024 జనవరిలో ఒక్క రోజే 900కి పైగా లెక్కపెట్టారట.

మేం వెళ్ళింది సోమవారం, ఎనిమిదింటికి గేటు తీసే వేళకి. శని, ఆదివారాల్లో పార్కింగ్ నిండగానే గేటు మూసేస్తారు కాబట్టి ఆలస్యంగా వెళ్ళకండి. నీళ్ళ మీంచి పొగలు లేస్తున్నాయి. మొదట కింద బండరాళ్ళున్నాయనుకున్నాం. అందులో ఒక బండ మెల్లగా పైకి లేచి, ముక్కు బయటపెట్టి 'ఫుస్' మని ఊపిరి వదిలి మళ్ళీ మునిగిపోయింది. అమ్మ కటకటాలు పట్టుకుని వంగి చూస్తూ, "చెరువులో గేదెలు పడుకున్నట్టే ఉన్నాయే అమ్మాయ్" అంది. నిజంగా అంతే, బూడిదరంగు గేదెలు, కొమ్ములూ కాళ్ళూ లేకుండా. మాకు బాగా దగ్గరగా వచ్చినదాని వీపు మీద మూడు తెల్లటి గీతలు పక్కపక్కనే ఉన్నాయి. పడవల మర చక్రాలు తగిలిన మచ్చలవి. ఆ మచ్చల్ని బట్టే ఏది ఏదో గుర్తుపట్టి, ఏటా తిరిగొచ్చిన వాటిని రాసుకుంటారని అక్కడి వాలంటీరు చెప్పింది. అది విన్నాక అమ్మ ఇక ముందుకి కదల్లేదు, అక్కడి బెంచీ మీదే గంటకి పైగా కూర్చుంది. ఎవరూ త్వరగా కదలమనలేదు.

రెండో పార్కు రోజు తర్వాత లేక్ వేల్స్‌లో బాక్ టవర్ గార్డెన్స్‌కి వెళ్ళాం, డావెన్‌పోర్ట్ నుంచి గంట లోపే. డచ్ దేశం నుంచి పసివాడిగా వలస వచ్చి పెద్ద పత్రికా సంపాదకుడైన ఎడ్వర్డ్ బాక్ కట్టించిన తోట అది. నడుమ 205 అడుగుల గోపురం, అందులో 60 కంచు గంటలు. 1929 ఫిబ్రవరి 1న అప్పటి అధ్యక్షుడు కూలిడ్జ్ ప్రారంభించాడు. అన్నిటికన్నా పెద్ద గంట బరువు దాదాపు 12 టన్నులట, చిన్నది 16 పౌండ్లేనట. గోపురం లోపలికి వెళ్ళనివ్వరు, ఓక్ చెట్ల కింద పచ్చికలో కూర్చుని వినడమే. మధ్యాహ్నం ఒంటిగంటకి, మూడింటికి కచేరీ ఉంటుంది, ఆ వేళలు చూసుకుని వెళ్ళాలి. మా చిన్నాడికి విసుగేసింది, అది దాచను. నాయన మాత్రం గడ్డి మీద తువ్వాలు పరుచుకుని కళ్ళు మూసుకుని పూర్తిగా విన్నాడు. ఆరుగురి టికెట్లూ కలిపినా పెద్ద పార్కులో ఒక్కరి టికెట్ అంత కాలేదు.

వింటర్ పార్కు అనే ఊరు సగం రోజుకి సరిపోతుంది. 1938 నుంచీ నడుస్తున్న పడవ షికారు ఉంది, గంటసేపు మూడు చెరువుల మీదుగా, ఇరుకు కాలవల్లోంచి తీసుకెళ్తారు. పడవలో బాత్‌రూము ఉండదు, పైన నీడ ఉండదు, టోపీలు మర్చిపోకండి. అక్కడే మోర్స్ మ్యూజియంలో టిఫనీ అనే కళాకారుడు చేసిన రంగుటద్దాల ప్రార్థనా మందిరం ఉంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన మందిరమది. వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ కూడా ఆ ప్రదర్శన సందర్భంగా పెట్టిందే అని మా ఆయన చెప్పగానే అమ్మ చెప్పులు విడిచి లోపలికెళ్ళబోయింది.

ఆ సాయంత్రమే ఎయిర్‌బోట్ ఎక్కి తప్పు చేశాం. ఫ్యాను పెట్టి నడిపే ఆ పడవ హోరు చెవులకిచ్చిన మూతలు పెట్టుకున్నా తగ్గలేదు, పైగా చలిగాలి ముఖానికి కొట్టింది. చలి రోజుల్లో మొసళ్ళు సరిగ్గా బయటికి రావు, మేం చూసింది ఒక్కదాన్ని. అమ్మకి తలనొప్పి పట్టుకుంటుందని భయపడి, ఎక్కేముందే ఆమె టికెట్ వెనక్కిస్తామంటే అంతకు ముందు రోజే చెప్పాల్సిందన్నారు. ఆ షరతు బుకింగ్ కాగితంలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. పెద్దవాళ్ళతో వెళ్తే ఇది వదిలేయండి. ఎండాకాలంలో పిల్లలతో అయితే బాగానే ఉంటుందేమో.

సెయింట్ అగస్టీన్ గురించి రెండు మనసులు. ఊరు మంచిదే. 1565లో స్పెయిన్ వాళ్ళు స్థాపించింది. 1672లో మొదలుపెట్టి 1695కి కట్టిన కాస్టియో దె సాన్ మార్కోస్ కోట గోడలు కోకీనా అనే రాయి, అంటే సముద్రపు గవ్వలూ చిప్పలూ అతుక్కుపోయి గట్టిపడిన రాయి. దగ్గరగా చూస్తే గోటంత చిప్పలు గుట్టలుగా కనిపిస్తాయి. ఫిరంగి గుండు తగిలితే ఈ రాయి పగలకుండా గుండుని లోపలికి దిగనిస్తుందట. 1702లో ఇంగ్లీషు వాళ్ళు ముట్టడించి కూడా పట్టుకోలేకపోయారు. మా పెద్దది గోడ దగ్గర్నుంచి కదలనంది. కానీ ఓర్లాండో నుంచి వంద మైళ్ళ పైన ప్రయాణం, అదీ నైట్స్ ఆఫ్ లైట్స్ పేరుతో ఊరంతా దీపాలు పెట్టే రోజులు. పార్కింగ్ కోసం గంటన్నర తిరిగాం, చీకటి పడ్డాక ఊళ్ళోంచి బయటపడటానికి ఇంకో గంట. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. ఇది ఒక్కరోజులో వెళ్ళొచ్చే ఊరు కాదు. వెళ్తే అక్కడే ఒక రాత్రి పడుకోండి, లేదంటే ఈ దీపాల రోజులు కాకుండా చూసుకోండి.

ఇక నాయన కోసం పెట్టుకున్న రోజు. మాది సూళ్ళూరుపేట. పక్కనే శ్రీహరికోటలోని షార్ కేంద్రం నుంచి రాకెట్ లేచినప్పుడల్లా నాయన బట్టల కొట్టు వదిలేసి మిద్దెక్కుతాడు, చంద్రయాన్-3 వెళ్ళిన రోజు వీధివాళ్ళంతా మా మిద్దె మీదే ఉన్నారట. కెన్నెడీ స్పేస్ సెంటర్ చూపించకుండా ఆయన్ని ఇంటికి పంపే ప్రశ్నే లేదు. ఇల్లు ఖాళీ చేసి సామాన్లతో సహా తూర్పుకి బయల్దేరాం. ఇండియన్ రివర్ మీద వంతెన ఎక్కగానే రెండు వైపులా తేట నీళ్ళు, ఎగిరే పెలికాన్లు. "అమ్మాయ్, ఇది మన పులికాటే కదా" అన్నాడు. నాకూ అప్పుడే తట్టింది. అటు సముద్రం, ఇటు ఉప్పుటేరు, నడుమ దిబ్బ, దిబ్బ మీద రాకెట్లు, చుట్టూ పక్షులు. శ్రీహరికోటా అంతే. భూమి తిరిగే వేగం కలిసొచ్చేలా తూర్పుకి ప్రయోగించాలి, కింద జనం లేని సముద్రం ఉండాలి, అందుకే రెండు దేశాలూ తూర్పు తీరాన్నే ఎంచుకున్నాయి. ఇక్కడి మెరిట్ ఐలాండ్‌లో నాసా వాడుకోని నేలని 1963 నుంచీ వన్యప్రాణుల ఆశ్రయంగా ఉంచారు.

టికెట్లూ పార్కింగూ కలిపి నాలుగువందల డాలర్లు దాటింది. అయినా డబ్బు దండగైందనిపించలేదు. పొద్దున్నే ముందు బస్సెక్కి మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపిన శాటర్న్-5 రాకెట్ దగ్గరికి వెళ్ళండి, ఆ బస్సు టికెట్లోనే వస్తుంది, సాయంత్రం చివరి బస్సు మాత్రం మూసే వేళకి చాలా ముందే వెళ్ళిపోతుంది. 363 అడుగుల రాకెట్‌ని అడ్డంగా పడుకోబెట్టారు, ఈ చివర నిలబడితే ఆ చివరనున్న మనిషి వేలంత కనిపిస్తాడు. అక్కడ చంద్రుడి నుంచి తెచ్చిన రాతిముక్కని తాకనిస్తారు. ఎన్ని వేళ్ళు రాసుకున్నాయో, అద్దంలా నునుపెక్కింది. నాయన ఒకసారి తాకి, మళ్ళీ క్యూలో చివరికెళ్ళి నిలబడ్డాడు.

అట్లాంటిస్ స్పేస్ షటిల్‌ని 43.21 డిగ్రీల వాలులో, పైతలుపులు తెరిచి, అంతరిక్షంలో ఎగురుతున్నట్టే వేలాడదీశారు. పొట్ట కింద నల్ల పెంకుల మీద మంటల మరకలు అలాగే ఉన్నాయి, అది 33 సార్లు వెళ్ళొచ్చింది మరి. ఆ భవనంలోనే ఛాలెంజర్, కొలంబియా షటిళ్ళ ప్రమాదాల్లో పోయిన 14 మంది జ్ఞాపకంగా ఒక నడవ ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియాతో పోయిన కల్పనా చావ్లా పేరు కనబడగానే అమ్మ ఆగిపోయింది. ఆ రోజు టీవీ ముందు ఏడ్చినట్టు నాకూ గుర్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చినాయన కొడుకు, వ్యోమగామి రాజా చారి 2021 నవంబర్‌లో ఇక్కడి 39ఏ ప్రయోగ వేదిక నుంచే క్షేమంగా వెళ్ళాడని మా పెద్దది వాళ్ళ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది.

చివరి రెండు రాత్రులు ఇండియన్ రివర్ ఒడ్డునున్న టైటస్‌విల్‌లో హోటల్. గదులు పాతవి, అల్పాహారం నామమాత్రం, ఒక గదిలో హీటర్ చప్పుడుకి మా ఆయనకి నిద్ర పట్టలేదు. కానీ నదీ తీరం నడిచిపోయేంత దగ్గర, అందుకే మళ్ళీ వెళ్ళినా అక్కడే దిగుతాను. మొదటి రాత్రి ఫాల్కన్ రాకెట్ ప్రయోగం ఉందన్నారు, చలిలో గంటన్నర నిలబడ్డాక వాయిదా పడింది. ప్రయోగం చూడాలనుకుంటే అదనంగా ఒక రాత్రి చేతిలో ఉంచుకోండి.

మర్నాడు రాత్రి స్పేస్ వ్యూ పార్కులో మడత కుర్చీలేసుకుని కూర్చున్నాం. నదికి అవతల ఒక్కసారి నారింజ రంగు వెలుగు లేచింది, నీళ్ళన్నీ వెలిగిపోయాయి, కానీ ఏ చప్పుడూ లేదు. పిల్లలు శబ్దం రాలేదేమని అడుగుతుంటే నాయన చెయ్యెత్తి ఆగమన్నాడు. మిద్దె మీద లెక్కపెట్టినట్టే ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టాడు, పిల్లలిద్దరూ అందుకున్నారు. అరవై రెండు దగ్గర ఆ ఉరుము వచ్చి ఛాతీకి తగిలింది.