నిద్రా, పరదైసా: సమాధి రాయి మీద ఏం రాయించాలి?

మొన్న నానమ్మ సమాధి రాయి మీద ఏం చెక్కించాలన్న దగ్గర ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నాన్న "మహిమలో ప్రవేశించెను" అని వేయిద్దామన్నారు. శనివారం గుడికి వెళ్లే మా బాబాయ్ ఒప్పుకోలేదు, "ప్రభువునందు నిద్రించెను" అనే ఉండాలన్నాడు. ఆదరణ కూటానికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను అడిగేదీ ఇదే: పోయిన మనిషి ఇప్పుడు నిద్రలో ఉన్నట్టా, ప్రభువు దగ్గర, పరదైసులో, ఉన్నట్టా?

బాబాయ్ వాళ్లు అడ్వెంటిస్టులు, అంటే శనివారం ఆరాధన చేసే, చనిపోయినవాళ్లు మళ్లీ లేచేదాకా నిద్రలోనే ఉంటారని నమ్మే క్రైస్తవ శాఖ. "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అన్న ప్రసంగి 9:5 వాళ్లకు కంఠతా. లాజరు చనిపోతే యేసు కూడా ముందు "నిద్రించుచున్నాడు" అనే అన్నాడు. నాకు గట్టిగా తగిలేది మాత్రం 1 థెస్సలొనీక 4. అయినవాళ్లను పోగొట్టుకుని ఏడుస్తున్నవాళ్లకు పౌలు "మీవాళ్లు ఇప్పటికే పరలోకంలో హాయిగా ఉన్నారు" అని చెప్పడు, ప్రభువు తిరిగొచ్చి బూర మోగినప్పుడు లేస్తారని చెబుతాడు. మనవైపు ప్రసంగీకులు చాలామంది దీన్ని చదివి కూడా దాటేస్తారు. పైగా నిద్రపోయినవాడికి టైం తెలియదు కదా, వెయ్యేళ్లయినా కన్ను మూసి తెరిచినట్టే ఉంటుందని బాబాయ్ మాట.

అయినా నన్ను అటు పోనివ్వనిది ఒక్క మాట, సిలువ మీద తన పక్కన వేలాడుతున్న దొంగకు యేసు ఇచ్చిన జవాబులో, లూకా 23:43లోని "నేడు". పాత గ్రీకు ప్రతుల్లో కామాలు ఉండవు కాబట్టి దాన్ని "నీతో నేడు చెబుతున్నాను, నువ్వు పరదైసులో ఉంటావు" అని చదవాలంటారు వాళ్లు. మన తెలుగు బైబిల్లో ఆ సందే లేదు, "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని" అంటూ బిగించేశారు. కానీ అది అనువాదం చేసినవాళ్ల తీర్పు, దాన్నే సాక్ష్యంగా పెట్టడం న్యాయం కాదు. అందుకే నేను దొంగ ఏమడిగాడో చూస్తాను. "నీవు నీ రాజ్యములోనికి వచ్చునప్పుడు నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు. అడిగింది ఎప్పుడో రాబోయే రోజు గురించి, వచ్చిన జవాబు "నేడు". రెండూ పక్కపక్కన పెడితే ఆ మాట ఎందుకుందో తెలుస్తుంది. "ఇవాళ చెబుతున్నా" అనుకుంటే దానికి అక్కడ పనే లేదు, సిలువ మీద ఊపిరందని మనిషి ఇవాళ కాక రేపు చెబుతాడా?

కతోలికుల ఉత్తరించు స్థలం (పరలోకం చేరేముందు ఆత్మలు శుద్ధి పొందుతాయనే చోటు) మా ఇంట్లో చర్చకే రాలేదు. దానికి చూపించే 2 మక్కబీయులు 12 మన ప్రొటెస్టెంట్ బైబిల్ 66 పుస్తకాల్లో లేదు మరి. అయితే వాళ్లలోనూ ఇలాంటి గొడవే నడిచింది: తీర్పు రోజు దాకా ఆత్మలు దేవుణ్ణి ముఖాముఖి చూడవని పోప్ 22వ జాన్ ప్రసంగిస్తే, ఆయన తర్వాత వచ్చిన 12వ బెనెడిక్ట్ 1336లో అది కాదని తేల్చేశాడు.

చివరికి రాయి మీద బాబాయ్ అన్నట్టే "ప్రభువునందు నిద్రించెను" అని చెక్కించాం. కింద నా పట్టుదల కొద్దీ పౌలు మాట, ఫిలిప్పీ 1:23 వేయించాను: "నేను వెడలిపోయి క్రీస్తుతోకూడ నుండవలెనని నాకు ఆశయున్నది". బాబాయ్ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "ఆశయున్నది అనే కదరా ఉంది, చేరిపోయాడని లేదుగా" అన్నాడు.