ఆన్‌లైన్ కౌన్సెలింగా, కర్నూలు పెద్దాసుపత్రా?

ఆదోని, ఆలూరు వైపు నుంచి పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వచ్చేవారికి వైద్యం కన్నా బస్సు చార్జీ, పోయిన ఒకరోజు కూలి, తెలిసినవాళ్ల కంట పడతామన్న బెరుకే బరువు.

ఆన్‌లైన్‌లో ఆ మూడూ తప్పుతాయి గానీ, ప్రతి సెషన్‌కూ ఫీజు కట్టాలి, తలుపు వేసుకుని మాట్లాడే చోటు ఉండాలి. ఇరుకింట్లో అదే కరవు. పలు సెషన్ల ప్యాకేజీ మొత్తం ముందే కట్టవద్దని నా గట్టి సలహా. మొదట ఒక్క సెషన్‌కే చెల్లించి, కౌన్సెలర్ అర్హత ఏమిటో, తెలుగులో మాట్లాడతారో లేదో, రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారో లేదో అడిగి తెలుసుకోవాలి.

మందులు అవసరమయ్యేంత బాధ ఉంటే ఆసుపత్రే మేలు. కౌన్సెలర్ మందులు రాయలేరు. దాంపత్య కలతలకు, పరీక్షల ఒత్తిడికి ఆన్‌లైన్ సరిపోవచ్చు. చనిపోవాలనిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎటూ తేల్చుకోలేనివారు 2022లో మొదలైన ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయవచ్చు.