ముందు రక్తం చూశారు, తర్వాతే మందు రాశారు

మా బుజ్జమ్మ నాటు కుక్క, ఆరేళ్లది. తిరుపతి కొర్లగుంటలో నా కుట్టుమిషన్ పక్కనే పడుకుంటుంది. పోయిన నెల ఉన్నట్టుండి తిండి మానేసింది. పెరుగన్నం పెట్టినా మొహం తిప్పుకుంది. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే జ్వరం సూది వేసి పంపారు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే సూది. నాలుగో రోజు పొద్దున ముక్కులోంచి రక్తం కారింది. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మాది. ఇక్కడ కూడా రక్తం చూడకుండా మందులిస్తే ఎలాగండీ?

ఏడుస్తూనే ఆటో ఎక్కి ఎయిర్ బైపాస్ రోడ్డు వైపున్న ఈ క్లినిక్‌కి వచ్చాను. డాక్టరమ్మ దాని పెదవి ఎత్తి చూశారు. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. పొట్ట మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు నాకూ చూపించారు. చెవిలో రెండు పిడుదులు దొరికాయి. “సూదులు తర్వాతమ్మా, ముందు రక్తం చూద్దాం” అన్నారు.

దాని తల నా ఒళ్లో పెట్టుకోమన్నారు. ముందుకాలి మీద కాస్త బొచ్చు గొరిగి, ఒక్క పోటుతోనే రక్తం తీశారు. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుందట. అక్కడి అబ్బాయి దాన్ని గట్టిగా ఊపకుండా, మెల్లగా తిరగేస్తూ కలిపాడు. సూది గుచ్చినచోట దూది పెట్టి చాలాసేపు ఒత్తి పట్టుకున్నాడు. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం త్వరగా ఆగదు కదా, అందుకని.

మిషన్‌లో ప్లేట్‌లెట్లు 38 వేలు వచ్చాయి. కుక్కకి సుమారు 2 లక్షలకు పైనే ఉండాలి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కానీ ఆవిడ ఆ అంకెతో ఆగలేదు. “కణాలు ముద్దకడితే మిషన్ తక్కువ లెక్కేస్తుంది, కంటితో చూడాలి” అంటూ గాజుపలక మీద చుక్క వేసి, పల్చగా లాగి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. ముద్దలేమీ లేవు. నిజంగానే తగ్గిపోయాయి. ఒక తెల్లకణంలో మల్బరీ పండులాంటి ఊదా గుత్తి కనిపించింది. ఎర్లీకియా, పిడుదుల వల్ల వచ్చే జ్వరం. అది అన్నిసార్లూ ఇలా కనబడదట, మా అదృష్టం.

డాక్సీసైక్లిన్ 28 రోజులకు రాశారు. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది, అన్నం తిన్నాకే వేయమన్నారు. మూడో రోజుకే లేచి గిన్నె నాకింది.

లివరు, కిడ్నీ పరీక్షలతో కలిపి 1,450 రూపాయలయింది. నాకది రెండు రోజుల సంపాదన, అయినా దేనికెంతో విడివిడిగా రాసిచ్చారు. రెండు లోపాలు మాత్రం చెప్పాలి. లివరు, కిడ్నీ రిపోర్టు బయటి నుంచి మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. పిల్లుల్నీ కుక్కల్నీ ఒకే చిన్న గదిలో కూర్చోబెడుతున్నారు. నా పక్కావిడ బుట్టలోని పిల్లి బెదిరిపోయి వణికింది. దానికో మూల కేటాయిస్తే బాగుంటుంది.

వారం తర్వాత మళ్లీ రక్తం చూస్తే ప్లేట్‌లెట్లు లక్షా 10 వేలు. మందుల కోర్సు అయ్యాక, మొన్న శనివారం 2 లక్షల 35 వేలు. ఈసారీ స్లైడు వేసే చూశారు.