యాభై దాటాక ఎయిర్ రైఫిల్: 4 కిలోలదా, 5 కిలోలదా?

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో తుపాకి 5.5 కిలోలు దాటకూడదు. కుర్రవాళ్లు చాలామంది ఆ హద్దు దగ్గరిదాకా బరువు పెంచుకుంటారు. బరువున్న తుపాకి గుండె చప్పుడుకీ ఒంటి ఊగిసలాటకీ తొందరగా కదలదు, ట్రిగ్గర్ కాస్త గట్టిగా నొక్కినా గురి అంతగా చెదరదు. ఈ లాభం యాభై దాటినవాళ్లకూ ఉంటుంది. కాకపోతే దాని భారం నడుము మీద పడుతుంది.

నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచేయి తుంటి దగ్గర ఆనుతుంది. తుపాకి బరువును సరిదూచడానికి ఒళ్లు వెనక్కి వాలుతుంది, నడుము పూసలు వెనక్కి వంగి కొంచెం మెలి తిరుగుతాయి. బరువు పెరిగితే ఆ వాలూ పెరుగుతుంది. పోటీలో 60 షాట్లు. ముందు కాల్చే ట్రయల్ షాట్లు, కుదరక దించేసినవి కలుపుకుంటే 100 సార్లు ఎత్తారనుకోండి. 5.2 కిలోలదైతే 520 కిలోలు ఎత్తినట్టు, 4.3 కిలోలదైతే 430. ఆ తేడా చివరి 20 షాట్లలో బయటపడుతుంది: భుజం అలిసి బారెల్ జారుతుంది, పెల్లెట్లు నిలువుగా చెదురుతాయి.

అలాగని 3.5 కిలోలది తీసుకోవద్దు. చేతి వణుకంతా గురిలో కనిపిస్తుంది.

గాలి నింపే సిలిండర్‌తో కలిపి 4.2 నుంచి 4.5 కిలోలది మేలు. స్టీలు సిలిండర్ కన్నా అల్యూమినియంది తేలిక. తేలిక తుపాకికి తర్వాత 50 గ్రాముల చొప్పున వెయిట్లు తగిలించుకోవచ్చు. బరువైనదాన్ని తగ్గించడానికి అంత వీలుండదు.

బరువు ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. ఎడమచేతికి 60 సెంటీమీటర్ల ముందు, బారెల్ కొసన పెట్టిన 200 గ్రాములు, 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టినదానికి ఆరు రెట్లు కిందికి లాగుతాయి. వెయిట్లు మొదట ఎడమచేతి దగ్గరే పెట్టి చూడండి.

దుకాణంలో రెండుసార్లు ఎత్తితే ఏమీ తెలియదు. పోటీలో వేసుకునే షూటింగ్ జాకెట్ తొడుక్కుని 40 షాట్లు కాల్చి, చివరి పదిని మొదటి పదితో పోల్చండి. విశాఖ ఉక్కపోతలో ఆ మందపాటి జాకెట్‌లోనే సగం ఓపిక పోతుంది కాబట్టి అది లేకుండా చూసిన పరీక్ష లెక్కలోకి రాదు. 8 సెకన్లలో షాట్ కుదరకపోతే దించేయండి. రక్తపోటు ఉన్నవాళ్లు ఊపిరి ఎక్కువసేపు బిగబట్టకూడదు.

చేతిపంపుతో గాలి నింపేవాళ్లు తేమ పీల్చే ఫిల్టర్ తప్పక పెట్టుకోవాలి. సముద్రపు గాలిలోని తడి లోపలికి చేరితే గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్ పాడవుతుంది. వాడిన తుపాకి కొంటుంటే సిలిండర్ మీది గడువు తేదీ చూడండి. అది దాటినదానిలో గాలి నింపడం ప్రమాదం.